తూముకి అడ్డం పెట్టిన రేకు

మొన్న మధ్యాహ్నం పాలకొల్లు నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి. "నరసింహం మాస్టారంటే మీరేనాండి?" అని అడిగింది. నేను అవునన్నాక, తను వెంకట్రామయ్య గారి అమ్మాయినని, పేరు కుమారి అని, నాన్నగారు పోయి నెల దాటిందని గుమ్మంలో నిలబడే చెప్పింది. మా ఆవిడ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. నేను మాత్రం అయ్యో అని కూడా అనలేకపోయాను. ఆ మనిషి పాలకొల్లులో ఉన్నాడని నాకు ఇన్నేళ్ళూ తెలుసు. నరసాపురంలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య బస్సులో అరగంట కూడా పట్టదు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. పనిమీద ఆ ఊరు వెళ్ళాల్సి వస్తే, గుడి వెనక ఆయన ఉండే వీధి వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

కుమారి సంచిలోంచి ఒక సత్తు గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. అంచు సొట్టలు పోయింది. అడుగున మేకుతో గీసిన 'న' అనే అక్షరం ఇంకా కనిపిస్తోంది. "ఇది మీదేనంట కదండీ. నాన్నగారి పెట్టెలో వచ్చేసిందంట. ఎప్పటికైనా ఇచ్చెయ్యమ్మా అనేవారు" అంది. నాదే. ఆ అక్షరం గీసింది కూడా ఆయనే. నా గ్లాసు పొరపాటున తన నోటికి తగలకుండా గీశాడు. దాన్ని చూడగానే నాకు దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ వయసులో మండిన ఒళ్ళే అది, అంతే మంట. ఇంతకీ ఇప్పటికీ 'ఆయన' అనే రాస్తున్నాను చూడండి. నోటికి పట్టిన అలవాటు అంత తొందరగా వదలదు.

మా వైపు సౌదీ అయినా మస్కట్ అయినా కువైట్ అయినా అందరూ దుబాయే అంటారు. నేనూ దుబాయ్ వెళ్ళాను, అంటే సౌదీ వెళ్ళాను. మాది అంతర్వేది వైపు ఏటిగట్టున చేపలు పట్టేవాళ్ళ పేట. మా నాన్న వల మునగడానికి గుళ్ళు వేసుకుంటూ, సీసం ముక్కని పళ్ళతో కొరికి తాడుకి నొక్కేవాడు. మా ఇంట్లో ఇంటర్ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇంగ్లీషు వచ్చు కాబట్టి స్టోర్ కీపర్ ఉద్యోగం ఖాయమని ఏజెంటు చెప్పాడు. తీరా దిగాక మమ్మల్ని ఒక పికప్‌లో ఎక్కించి, తారు రోడ్డు అయిపోయి మట్టి రోడ్డు అయిపోయి అసలు రోడ్డే లేకుండా పోయిన చోట దింపేశారు. మూడు నల్లటి బోడి కొండలు, వాటి మధ్య మూసేసిన గని. మమ్మల్ని అంటే నన్నూ, వెంకట్రామయ్య గారినీ. ఆయనకి ఫోర్‌మన్ అని చెప్పారట. ఇద్దరం వాచ్‌మన్లం.

అది చాలా చిన్న గని. ఒకప్పుడు బంగారం, వెండి, సీసం తీసేవారట. కొండ పక్కన ఏటవాలుగా లోపలికి పోయే ఒక సొరంగం, కంచె వేసిన ఒక లోతైన గొయ్యి, రాళ్ళు పగలగొట్టే మిషను షెడ్డు, పిండిచేసే మిల్లు, అంతే. దొరికిందేదో తవ్వుకుపోయి, గిట్టుబాటు కాని ఇనుమంతా తుప్పుకి వదిలేసి కంపెనీ వెళ్ళిపోయింది. ఆ తుప్పుని ఎవరూ ఎత్తుకుపోకుండా మేం కాపలా. ముక్కుపుడకంత బంగారం కూడా నేనక్కడ చూడలేదు. వారానికి ఒకసారి మలయాళీ డ్రైవరు ట్యాంకరులో నీళ్ళూ, అట్టపెట్టెల్లో సరుకులూ తెచ్చేవాడు. ఎండకి మేముండే రేకుల గది లోపల మంచం కోడు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. చుట్టూ చూస్తే పిట్ట లేదు, గడ్డిపరక లేదు. మూడు వైపులా నీళ్ళున్న ఊళ్ళో పుట్టినవాణ్ణి నేను, ఆ దిక్కుమాలిన చోటుని చూసి మొదటి రోజే అసహ్యించుకున్నాను. ఇప్పటికీ ఎడారి అందంగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు తిట్టాలనిపిస్తుంది.

వెంకట్రామయ్య గారికి అప్పుడు యాభై ఉంటాయి. పొలమంతా రొయ్యల చెరువులు తవ్వించి, రొయ్యలకి తెగులొచ్చి, ఆ చెరువులూ పోయి వచ్చిన మనిషి. పొలం పోయింది గాని ఆసామీతనం పోలేదు. మొదటి రోజే మంచం మీద కూర్చుని, "ఏ ఊరు? ఎవరబ్బాయివి?" అన్నాడు. పేట పేరు చెప్పగానే, "ఓహో, వలోళ్ళా" అన్నాడు. అంతే, మర్నాటికి గదికి అడ్డంగా దుప్పటి కట్టేశాడు. నీళ్ళ డ్రమ్ము మూత మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. నాకు దాహమైతే నా గ్లాసు పట్టుకుని నిలబడాలి, ఆయన చెంబుతో పైనుంచి పొయ్యాలి. వందమైళ్ళ దూరంలో మమ్మల్ని చూసేవాడు ఒక్కడు లేడు. ఎవరి కోసం ఆ మడి? ఈ మాట నేను అప్పుడు అడగలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. ఆయన అక్కడ ఉన్నన్నాళ్ళూ అదే అన్నాను, పళ్ళ కింద ఇసక నములుతూ.

ఆయన దినచర్య నాకిప్పటికీ కంఠతా వచ్చు. తెల్లారుతుండగా లేచి పుక్కెడు నీళ్ళతో నోరు కడుక్కుని, విభూతి పెట్టుకుని, పాలపొడి కాఫీ కలుపుకుని తూర్పుముఖంగా కూర్చునేవాడు. కాఫీ తాగుతూ ఎవరికో చెబుతున్నట్టు కాలవల సంగతులు మాట్లాడేవాడు. "ఈపాటికి కాలవలు కట్టేసుంటారు." ఇంకో నెలకి, "ఈపాటికి లాకులెత్తుంటారు. నారుమళ్ళు దున్నుతుంటారు." వినడం నాకిష్టంగా ఉండేది, ఒప్పుకోక చస్తానా. ఆ గదిలో ఆయన వైపు గంధం సబ్బు వాసన, నా వైపు నేను ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపల వాసన, రెంటి మీదా డీజిలు కంపు. చేపలు వేయించిన ప్రతిసారీ ఆయన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని బయటికి పోయి, మిల్లు నీడలో కూర్చుని ఖాండ్రించి ఉమ్మేవాడు. నేను కావాలనే ఇంకో నాలుగు ముక్కలు వేయించేవాణ్ణి.

మిల్లు వెనక పల్లంలో బూడిద రంగు మట్టి పరుచుకుని ఉండేది. రాయిని పిండిచేసి, కావలసింది తీసుకుని, మిగిలిన బురదని అక్కడికి వదిలేవారట. అది ఎండి, వేసవిలో మన వరిచేలు నెర్రెలు విచ్చినట్టే నెర్రెలు విచ్చింది. మేం వెళ్ళిన మూడో వారంలో వెంకట్రామయ్య గారు అటు వెళ్ళి, గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు. అక్కడే గొంతుక్కూర్చుని ఇంకో గుప్పెడు తీశాడు. నన్ను పిలిచి, "ఒండ్రురా ఇది. అచ్చం మన గోదారి ఒండ్రు. చూడు, జల్లెడపట్టినట్టు లేదూ?" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతిలోంచి మట్టి జారిపోయిన మనిషికి చేతిలోకి మళ్ళీ మట్టి వచ్చింది కదా. వరద తీశాక లంకల్లో మిగిలే మెత్తటి మట్టిని చూసి పెరిగినవాళ్ళకి తప్ప ఆ బురదని చూసి పంట గుర్తురాదు. నిజం చెప్పాలంటే నాకూ అది ఒండ్రులాగే కనిపించింది.

పెట్టెలోంచి మూట తీశాడు. వాళ్ళావిడ కట్టిచ్చిన విత్తనాలు, తోటకూర, గోంగూర, బెండ. పార పట్టుకుంటే ఆ మనిషి వేరే మనిషి. తాడు లాగకుండానే గట్టు తిన్నగా వచ్చేది. ఆరు మళ్ళు కట్టి, మధ్య నీళ్ళు పారే బోదె తీసి, పాత బోరు దగ్గర చిన్న తూము అమర్చాడు. మేకలు కాసుకునే అరబ్బు ముసలాయన ఒకాయన ఎప్పుడైనా అటు వచ్చేవాడు. తన మేకలు ఆ బూడిద మట్టి వైపు పోతే కర్రతో అదిలించి మళ్ళించేవాడు. "వీడికి మట్టి విలువేం తెలుసురా" అని నవ్వి, ఆ మేకల పెంటే ఏరించి మళ్ళకి ఎరువేశాడు మా ఆసామీ. బోరు నీళ్ళు ఉప్పన, అందుకని మా స్నానాల నీళ్ళు కూడా అందులో కలపాలి. ఆ బకెట్లు మొయ్యడం నా పని. ఊళ్ళో కాలవ నీళ్ళకి వంతులు పెట్టినట్టు, ఇవాళ ఆకుకూర వంతు, రేపు బెండ వంతు అని నాకు హుకుములు.

ఒక రోజు పొద్దున్న నేను పొయ్యి మీద చేపల మూకుడు పెట్టి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మూకుడు ఇసకలో బోర్లా పడి ఉంది. "ఇంక నా గుమ్మంలో ఈ కంపు పెట్టావంటే ఊరుకోను. ఇది మీ పేట కాదు" అన్నాడు. అవి మా అమ్మ ఎండబెట్టి, ఉప్పు పట్టించి, పాత చీర ముక్కలో కట్టిచ్చిన చివరి చేపలు. నేను ఇసక దులిపి తిందామని చూశాను, కుదరలేదు. అరగంట తర్వాత, ఏమీ జరగనట్టు పల్లంలోంచి కేకేశాడు. "ఒరేయ్ నరసింహం, తూముకి అడ్డం పెట్టడానికి ఏదైనా రేకు పట్రా." కంచె పక్కన ఇసకలో సగం కూరుకుపోయిన రేకు ఒకటి కనిపించింది. లాగి, చేత్తో తుడిచాను. అది బోర్డు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. పుర్రె బొమ్మ రంగు వెలిసిపోయింది గాని అక్షరాలు పోలేదు. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. ఆ బూడిద మట్టిలో సీసం ఉందని, అది విషమని, అందులో ఏమీ పండించకూడదని రాసి ఉంది.

ఆ రేకు తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను. ఆయన దాన్ని చూశాడు. ఆయనకి తెలుగు తప్ప రాదు. నా మొహం చూశాడు. నాకు ఇంగ్లీషు వచ్చని ఆయనకి తెలుసు. కంపెనీ కాగితం ఏది వచ్చినా డ్రైవరు నా చేతే చదివించేవాడు, అప్పుడు ఈయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఏం రాసుందిరా అని అడిగితే చెప్పేద్దాం అనుకున్నాను. అడగలేదు. నేను చెప్పలేదు. ఆయన రేకుని తూములో దించి, మట్టి మెత్తి, "సరిగ్గా సరిపోయిందిరా" అన్నాడు. ఆ రోజు నాలో నేను ఎన్ని మాటలు చెప్పుకున్నానో! మా నాన్న జన్మంతా సీసం కొరికాడు, ఏమైంది? పండినప్పుడు చెప్పొచ్చులే. అసలు ఇక్కడేం పండుతుంది? అవన్నీ సాకులే. మూకుడు కోసం నోరు మూసుకున్నాను, అదే నిజం.

పండింది. తోటకూర మోకాలెత్తు వచ్చింది, గోంగూర గుబురుగా లేచింది. ఆ దరిద్రపు నేల మీద కళ్ళకి పచ్చగా కనిపించేది అదొక్కటే. రోజూ ఏదో ఒకటి కోసుకుని, పప్పులో వేసుకుని, పులుసు పెట్టుకుని, దుప్పటికి అటువైపు కూర్చుని తినేవాడు. నాకు ఒక్క రెబ్బ ఇవ్వలేదు. "నీకు ఇయ్యెందుకు, నీ చేపలు నీకున్నాయిగా" అనేవాడు, చేపలు అయిపోయిన సంగతి తెలిసి కూడా. నేను డబ్బాల్లో వచ్చే సెనగలు తినేవాణ్ణి. తిను, బాగా తిను అనుకునేవాణ్ణి. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని కొట్టెయ్యను.

కొన్నాళ్ళకి నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులు లేవలేదు. రెండో రోజు మధ్యాహ్నం దుప్పటి పక్కకి జరిగింది. వెంకట్రామయ్య గారు తను తినే స్టీలు గిన్నెలోనే, వేడన్నంలో తోటకూర పప్పు కలిపి పట్టుకొచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "తినరా. వట్టి కడుపుతో ఉంటే జొరం దిగదు. మీ అమ్మ ఇక్కడ లేదుగా" అన్నాడు. ఇంగువ, వెల్లుల్లి తాలింపు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. గిన్నె పక్కకి తోసి గోడ వైపు తిరిగి పడుకున్నాను. "పౌరుషమేరా నీకు? గ్లాసు వేరు పెట్టాననేగా?" అన్నాడు. అన్నం పారెయ్యడం ఇష్టంలేక నా పక్కనే కూర్చుని ఆ గిన్నెడూ తనే తినేశాడు. నేను కళ్ళు మూసుకుని ఆ నమిలే చప్పుడు విన్నాను.

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. ముందు విరేచనం బిగిసింది. తర్వాత కడుపులో నొప్పి, మోకాళ్ళు డొక్కలోకి పెట్టుకుని మూలిగేంత నొప్పి. మొహం పాలిపోయింది, చిగుళ్ళ వెంట నల్లటి గీత పడింది. "వేడి చేసిందిరా, ఈ పాడు ఎండకి" అన్నాడు. వేడి చేస్తే మన వైపు ఏం చేస్తారు? చలవ చేసేవి తింటారు. తోటకూర చలవ. రెండు పూటలా అదే తిన్నాడు. రోజూ పొద్దున్న లేవగానే ఇవాళ చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. కాని ఇప్పుడు చెబితే, మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదురా అంటాడు. ద్వేషం ఉన్నంతకాలం నోరు తెరవలేదు, భయం పట్టుకున్నాక అసలు తెరవలేకపోయాను. ఒక పొద్దున్న కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. ఎత్తబోతే చెయ్యి మణికట్టు దగ్గర వంగి వేలాడింది. రెండో చెయ్యీ అంతే. వేళ్ళు కదులుతున్నాయి, చెయ్యి పైకి లేవడం లేదు. "ఇదేంట్రా, ఇదేంట్రా" అంటూ తన చేతుల్ని నాకు చూపించాడు.

డ్రైవరు రావడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయనకి నేనే అన్నం తినిపించాను, సెనగలతో. నీళ్ళు నేనే తాగించాను. చేతికి దొరికిన గ్లాసుతో తాగించాను, ఏ అక్షరం ఉందని ఇద్దరం చూడలేదు. పెట్టె సర్దింది నేనే, తొందరలో నా గ్లాసు అందులో పడేసింది కూడా నేనే. ట్యాంకరు ఎక్కుతూ, "మళ్ళకి నీళ్ళు పెట్టడం మానకురా" అన్నాడు. ట్యాంకరు కనుమరుగయ్యాక పార తీసుకుని ఆరు మళ్ళూ పీకి పారేశాను, ఏడుస్తూ, ఆయన్నీ నన్నూ కలిపి తిడుతూ. రేకుని మాత్రం తూములోంచి లాగలేదు. వారం తర్వాత డ్రైవరు వచ్చి, సీసం ఒంట్లోకి పోయిందని ఆస్పత్రిలో చెప్పారని, అట్నుంచి అటే ఇండియా పంపేశారని అన్నాడు. "నువ్వూ తిన్నావా?" అని అడిగాడు. లేదన్నాను. "అదృష్టవంతుడివి" అన్నాడు.

నేను తిరిగొచ్చి డిగ్రీ చేశాను, బి.ఎడ్. చేశాను. ఏ ఉద్యోగం వచ్చిందంటే నవ్వుతారు, ఇంగ్లీషు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత బోర్డు మీద రాసింది గట్టిగా చదివిస్తున్నాను. రోజులు మారిపోయాయని స్టాఫ్‌రూములో మావాళ్ళు అంటుంటారు. మారాయి. ఇప్పుడెవరూ గ్లాసు అడుగున అక్షరం గియ్యరు, కాగితం గ్లాసులొచ్చాయి. నా పక్కన కూర్చుని నా క్యారియర్‌లో చేపల పులుసు అడిగి వేసుకునే ఆసాములున్నారు. ఇప్పుడైతే ఆ బోర్డుని ఫోనుతో ఫొటో తీస్తే చాలు, అదే తెలుగులో చదివి పెడుతుందట. ఒకడు ఇంకొకణ్ణి అడగక్కర్లేదు. ఇంకొకడు చెప్పక్కర్లేదు. అది మంచికో చెడుకో నాకు తెలియదు గాని, అడగలేని మనిషీ చెప్పని మనిషీ ఎక్కడికీ పోలేదు. వాళ్ళలో ఒకణ్ణి నేను రోజూ అద్దంలో చూస్తున్నాను.

ఇదంతా కుమారికి చెప్పలేదు. ఆవిడే ఇంటి సంగతులు చెప్పింది. సౌదీ నుంచి వచ్చిన కొత్తలో నాన్నగారికి అన్నీ అమ్మా తనూ చేసేవారట. కొన్నేళ్ళకి చేతులు కొంచెం లేచాయి గాని బరువు పట్టేవారు కాదట. "స్టీలు గ్లాసు ఎత్తలేకపోయేవారండి. ఈ సత్తు గ్లాసు తేలిగ్గా ఉండేది. పోయే రోజు దాకా దీంతోనే తాగారు" అంది. నేను బల్ల మీది గ్లాసు తీసి తిప్పి చూశాను. సొట్టలు ఆయన చేతిలోంచి పడ్డప్పటివే అయ్యుంటాయి. ఆవిడ, "మాస్టారండి, ఒకటి అడగొచ్చా? ఆ తూముకి పెట్టిన రేకు మీద ఏదో రాసుండేదంట. ఏం రాసుందో మీకేమైనా గుర్తుందాండి?" అంది.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

"పోన్లెండి. నాన్నగారికీ తెలియలేదండి. అడిగితే ఆ కుర్రాడి ముందు చిన్నతనమైపోతానని అడగలేదమ్మా, నా ఖర్మ అనేవారు. నేను ఎప్పుడైనా అనుమానంగా మాట్లాడితే ఊరుకునేవారు కాదండి. వాణ్ణి నేను చాలా బాధపెట్టాను, అయినా వాడికి తెలిసుంటే చెప్పేవాడే అనేవారు." ఆవిడ లేచి, మా ఆవిడకి చెప్పి, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆయన మీద నాకు ఇవాళ్టికీ కోపమే. దుప్పటి కట్టినందుకు, మూకుడు బోర్లించినందుకు, అన్నిటికన్నా 'చెప్పేవాడే' అనే ఆ ఒక్క మాట అన్నందుకు. తిట్టి ఉంటే బాగుండేది. కుమారి గారూ, మీకు అబద్ధం చెప్పాను. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ రేకు మీద ఇలా ఉంది: "ఈ బూడిద రంగు మట్టిలో సీసం ఉంది. ఇది విషం. ఇక్కడ తవ్వరాదు. ఏమీ పండించరాదు. పశువులను రానివ్వరాదు. చదవలేనివారికి దయచేసి చదివి చెప్పండి."